అందరూ పోయాక కరెంటు ఎవరిస్తారు?

మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి. సెలవులకు మా ఇంటికి వచ్చి, నా అలమరలోంచి ఒక పల్చటి ఇంగ్లిషు నవల తీసుకుని రెండు రోజుల్లో సగం చదివేశాడు. మూడో రోజు పొద్దున్నే పుస్తకంలో వేలు పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "మామయ్యా, అందరూ చచ్చిపోతే కరెంటు ఎన్నాళ్లుంటుంది? ఎవరిస్తారు?" అని అడిగాడు.

ఆ నవల పేరు 'ఎంప్టీ వరల్డ్'. రాసింది జాన్ క్రిస్టఫర్. అది కలం పేరు. అసలు పేరు శామ్ యూడ్. 1922లో ఇంగ్లండులో పుట్టి 2012లో పోయాడు. ఈ నవల 1977లో వచ్చింది. ఒక అంటురోగం ప్రపంచాన్నంతా తుడిచిపెట్టేయగా మిగిలిపోయిన నీల్ మిల్లర్ అనే కుర్రవాడి కథ. మా వాడి ప్రశ్న ఆ కథకు సరైన గుమ్మం. అందుకని నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

కరెంటు బియ్యంలా గాదెలో నిల్వ ఉండే సరుకు కాదు. ఈ క్షణాన ఎంత వాడుతున్నారో ఈ క్షణాన అంతే తయారవ్వాలి. మన దగ్గరైనా ఇంగ్లండులో అయినా గ్రిడ్ సెకనుకు 50 సార్లు లయ తప్పకుండా ఊగాలి. వాడకం పెరిగి ఉత్పత్తి తగ్గినా, ఉత్పత్తి పెరిగి వాడకం తగ్గినా ఆ లయ చెదురుతుంది. చెదిరితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. 2012 జులైలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఇలాగే కుప్పకూలి దేశంలో దాదాపు సగం చీకటైంది. మన దక్షిణాది గ్రిడ్‌ను అప్పటికి వాటితో ఒకే లయలో కలపలేదు కాబట్టి ఇక్కడ ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అంతమంది ఇంజనీర్లు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుండగానే అలా జరిగిందంటే, చూసేవాళ్లే లేకపోతే చెప్పక్కర్లేదు. బొగ్గు వేసేవాడు రాకపోతే థర్మల్ కేంద్రం గంటల్లో ఆగిపోతుంది. ఆ తర్వాతి వంతు నీళ్లది. నీళ్లను ఎత్తున ఉన్న ట్యాంకులకు ఎక్కించే పంపులు కరెంటు మీదే ఆధారం. పైన ఉన్నవి అయిపోయేదాకా కుళాయి పారుతుంది, ఆ తర్వాత ఉట్టి గాలి.

మా వాడు ఇదంతా శ్రద్ధగా విని, "అయితే ఆకలితో చచ్చిపోవాలి కదా?" అన్నాడు. అక్కడే ఈ రకం కథల కీలకం ఉంది.

రోగం మనుషులను చంపుతుంది, సరుకును చంపదు. లక్ష మంది ఊరికి నెల రోజులకు సరిపడే డబ్బా తిండి దుకాణాల్లోనూ గోదాముల్లోనూ ఉందనుకోండి. లక్ష మందిలో పది మందే మిగిలితే, వాళ్లకు అది ఎన్ని జన్మలకైనా తరగదు, మధ్యలో తుప్పు పట్టి పాడైతే తప్ప. కూరలు కుళ్లిపోతాయి, పాలు విరుగుతాయి, ఫ్రిజ్‌లో మాంసం కంపు కొడుతుంది. కానీ బీన్స్ డబ్బాలు, చేప డబ్బాలు, పంచదార, తేనె అలాగే ఉంటాయి. పెట్రోలు కూడా కొన్ని నెలలపాటు పనిచేస్తుంది. మంచి బట్టలు, మంచి కార్లు, తాళం పగలగొడితే చాలు, ఏ ఇల్లు కావాలంటే ఆ ఇల్లు.

ఇదే రచయిత 1956లో పెద్దవాళ్ల కోసం రాసిన 'ది డెత్ ఆఫ్ గ్రాస్'ను దీని పక్కన పెట్టి చూడాలి. అందులోనూ ఒక వైరస్ ఉంది. అయితే అది మనుషుల జోలికి రాదు. గడ్డి జాతి మొక్కలను తింటుంది. చైనాలో వరితో మొదలవుతుంది. వరి గడ్డి జాతే, గోధుమ గడ్డి జాతే, జొన్న, మొక్కజొన్న, చెరకు అన్నీ ఆ వంశమే. పశువులు మేసేది కూడా అదే. మనుషులు ఉన్నారు, తిండి పోయింది. జాన్ కస్టన్స్ అనే పెద్దమనిషి పెళ్లాం బిడ్డలతో లండన్ నుంచి బయల్దేరి, ఉత్తరాన తోడబుట్టినవాడు వ్యవసాయం చేసుకుంటున్న లోయకు చేరాలనుకుంటాడు. ఆ ప్రయాణంలో రొట్టె కోసం తుపాకీ పేల్చడం నేర్చుకుంటాడు. చివరికి తోడబుట్టినవాడున్న లోయనే దండెత్తి గెలవాల్సి వస్తుంది. గెలుస్తాడు, తోడబుట్టినవాడు మిగలడు.

ఇరవై ఒక్కేళ్ల తర్వాత పిల్లల కోసం అదే చేయి ఆ లెక్కను తిరగేసింది. తిండి ఉంది, మనుషులు పోయారు. మొదటి పుస్తకంలో ప్రతి మనిషీ మరో మనిషి కంచంలో చేయి పెట్టే శత్రువు. రెండో పుస్తకంలో మనిషి అనేదే దొరకని సరుకు. ఆ పిల్లవాడు వెతికేది అన్నం కాదు, అలికిడి. నాకు ఈ రెండో కథే ఎక్కువ కష్టమైనదిగా కనిపిస్తుంది. ఆకలి వేస్తే ఏం చేయాలో శరీరానికి తెలుసు. మాట్లాడే మనిషి లేకపోతే ఏం చేయాలో దానికి తెలియదు.

రోగం సంగతి. మనం 'ప్లేగు' అంటే ఎలుకల మీది రక్తం పీల్చే పురుగుల వల్ల వచ్చే జబ్బు అనుకుంటాం, చంకల్లో గజ్జల్లో బిళ్లలు కట్టి జ్వరంతో చంపే జబ్బు. అది యెర్సీనియా పెస్టిస్ అనే బ్యాక్టీరియా పని. ఇప్పుడు దానికి మందులున్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపించిన కాలంలోనే, 1948లో, ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్ద బిడ్డ. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు జనం మందుల షాపుల ముందు ఎగబడి కొన్నది టెట్రాసైక్లినే. కానీ ఇంగ్లిషువాడు నవలలో 'ప్లేగ్' అన్నప్పుడు చాలాసార్లు అర్థం అది కాదు. మనం మహమ్మారి అంటామే, ఊళ్లు తుడిచేసే ఏ రోగమైనా అని, అది.

ఈ నవలలోది పూర్తిగా ఊహించిన రోగం. ముందు జ్వరం వస్తుంది, తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకున్న కొన్నాళ్లకు మనిషి గబగబా ముసలివాడైపోతాడు. చర్మం ముడతలు పడుతుంది, జుట్టు నెరుస్తుంది, ఒంట్లో శక్తి తగ్గిపోతుంది, ఏళ్ల తరబడి రావాల్సిన వార్ధక్యం రోజుల్లో వచ్చి పడుతుంది. మొదట ముసలివాళ్లు పోతారు. వాళ్లకు ఇంక మిగిలిన దూరం తక్కువ కదా. తర్వాత నడివయసు వాళ్లు. తర్వాత యువకులు. పిల్లలకు ఏమీ కాదులే అని చదివేవాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. అప్పుడు పిల్లల ముఖాల మీద ముడతలు మొదలవుతాయి. ఏ సూక్ష్మజీవీ ఇలా చేయదు. త్వరగా ముసలితనం తెచ్చే ప్రొజేరియా లాంటి జబ్బులున్నాయి కానీ, అవి జన్యువుల్లోని లోపాలు, ఒకరి నుంచి ఒకరికి అంటేవి కావు. శాస్త్రం తప్పిందని పుస్తకాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో తాతయ్య చేతి మీద ముడతలు చూసి లోలోపల జడుసుకున్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ భయం ఎక్కడ తగులుతుందో రచయితకు తెలుసు.

ఆ రోగానికి ఆయన పెట్టిన పేరు దగ్గర మాత్రం నేను ఆగాలి. దాని పేరు 'కలకత్తా ప్లేగు'.

కథ నడపడానికి ఆ పేరు ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థమవుతుంది. ఇంగ్లండులో కూర్చుని పేపరు తిరగేస్తున్నవాళ్లకు అది ముందు ఎక్కడో దూరాన ఎవరికో వచ్చిన రోగం. పేపర్లో మూలన చిన్న వార్త. ఆ దూరం వారం వారం తగ్గుతూ వచ్చి వీధి చివరికి, పక్కింటికి, తాతయ్య మంచం దగ్గరికి చేరడమే ఆ మొదటి అధ్యాయాల బిగువు. 2020 జనవరిలో మనం వూహాన్ వార్తలు చదివిన తీరు గుర్తు తెచ్చుకుంటే చాలు. కానీ గడ్డిని చంపే వైరస్ చైనాలో పుట్టి, మనుషులను చంపే రోగం కలకత్తాలో పుడితే, ఒకే రచయిత రెండు పుస్తకాల్లోనూ మృత్యువు తూర్పు దిక్కు నుంచే రావడం అలవాటు అనిపిస్తుంది. ఆ అలవాటు ఆయన ఒక్కడిదీ కాదు. 1817లో బెంగాల్ నుంచి కలరా ప్రపంచం మీదికి పాకినప్పటి నుంచి యూరప్ దాన్ని 'ఆసియా కలరా' అనే పిలిచింది. 1918 ఫ్లూకు స్పెయిన్ పేరు పడింది. యుద్ధంలో లేని స్పెయిన్ పత్రికలు దాని గురించి దాచకుండా రాయడమే అందుకు కారణం. ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు రోగాలకు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టంగా చెప్పింది. పేరు అంటుకున్న ఊరివాళ్లను జనం అనుమానంగా చూస్తారు, దాంతో రోగం సంగతి దాచిపెట్టడం మొదలవుతుంది, అది ఇంకా పాకుతుంది.

నిజమైన కలకత్తా ఏం చేసిందో మా వాడికి చెప్పాను, మీకూ చెప్పాలి. 1959లో శంభునాథ్ డే అనే డాక్టరు ఆ నగరంలోనే, కలరా మనిషిని చంపేది ఒక విషం ద్వారా అని, ఆ విషమే పేగుల్లోంచి నీరంతా బయటికి లాగేస్తుందని ప్రయోగం చేసి చూపించాడు. రోగిని చంపుతున్నది నీరు పోవడమే అయితే, పోయిన నీరు తిరిగి ఇస్తే సరి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులతో బొంగావ్ శిబిరం నిండిపోయింది, కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజు తూకం ప్రకారం కలిపించి, పొట్లాలు కట్టించి, పీపాల నీళ్లలో కరిగించి, గ్లాసులతో తాగించమని రోగుల అమ్మలకూ అక్కలకూ అప్పగించాడు. సూది లేదు, నర్సు లేదు. నూటికి 30 మంది దాకా పోతున్న శిబిరంలో ఆ సంఖ్య 4 లోపుకు దిగింది. ఈరోజు మన అంగన్‌వాడీలో ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఆ పీపాలున్నాయి.

ఇంకొక సంగతి. ఈ నవల వచ్చిన 1977 ఏప్రిల్‌లోనే, భారతదేశంలో మశూచి లేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో సోమాలియాలో అలీ మావ్ మాలిన్ అనే ఆసుపత్రి వంటవాడికి వచ్చిందే సహజంగా సోకిన చివరి మశూచి. ఆయన బతికాడు. నవలలో ఒక రోగం ప్రపంచాన్ని ఖాళీ చేసిన ఏడాదే, నిజంగా ఒక పాత మహమ్మారి ప్రపంచాన్ని ఖాళీ చేసి వెళ్లిపోయింది.

ఇక నీల్ దగ్గరికి వద్దాం. కథ మొదలయ్యేసరికే అతని ప్రపంచం ఖాళీ అయిపోయింది. కారు ప్రమాదంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు పోయారు. అతనొక్కడే మిగిలి, వించెల్సీ అనే ఊళ్లో తాతయ్య, నాయనమ్మల తరం మనుషుల మధ్య బతుకుతుంటాడు. ఏడవడు. పెద్దవాళ్లు జాలి చూపిస్తే ముడుచుకుపోతాడు. బయటి ప్రపంచం చచ్చిపోవడం మొదలైనప్పుడు అతను కొంచెం దూరంగా నిలబడి చూస్తాడు, అప్పటికే తాను ఒకసారి అంతా పోగొట్టుకున్నవాడు కాబట్టి. పుస్తకం పేరు ఊళ్ల గురించి అనుకుని చదవడం మొదలుపెట్టిన నాకు, రెండోసారి చదివినప్పుడు అది ఆ పిల్లవాడి గుండె గురించి అని అర్థమైంది.

వించెల్సీని ఊరికే ఎంచుకోలేదనుకుంటాను. ఇంగ్లండు దక్షిణ తీరంలో గుట్ట మీద ఉన్న చిన్న ఊరది. 13వ శతాబ్దంలో పాత వించెల్సీని సముద్రం మింగేస్తే, మొదటి ఎడ్వర్డ్ రాజు ఈ గుట్ట మీద కొత్త పట్నం వేయించాడు. చదరంగం పలకలా గళ్లు గళ్లుగా వీధులు, నేల కింద ద్రాక్షసారా పీపాలు దాచడానికి రాతి కమానుల కొట్లు, మధ్యలో పెద్ద చర్చి. తర్వాత ఫ్రెంచివాళ్ల దాడులు, 14వ శతాబ్దపు పెద్ద ప్లేగు, పూడిపోయిన రేవు. పట్నం పల్లె అయింది. కొన్ని గళ్లలో ఈరోజుకీ ఇళ్లు లేవు, పచ్చిక ఉంది. చర్చిలో ఒక కొస మాత్రమే నిలిచి ఉంది. అంటే నీల్ ఆడుకుంటూ తిరిగిన వీధులే ఒకనాటి మహమ్మారి కూడా ఖాళీ చేసిన వీధులు.

అతనికీ జ్వరం వచ్చి తగ్గుతుంది, ఎందుకో బతికిపోతాడు. దిక్కులేని ఇద్దరు చిన్నపిల్లలు దొరికితే వాళ్లకు వండి పెడతాడు, చూసుకుంటాడు. వాళ్లూ చేతుల్లోనే వాడిపోతారు. ఆ పేజీలు చదువుతూ మా వాడు పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నేను పిలవలేదు.

తర్వాత లండన్ దారి. దారిలో క్లైవ్ అనే కుర్రవాడు కలుస్తాడు. ఎంత ఆశగా కలుస్తారో, అంత త్వరగా తేలిపోతుంది, ఆ పిల్లవాడి మనసు చెదిరిపోయింది, నమ్మితే మోసపోతాం అని. నగరంలో ఇంకొకడి జాడ దొరుకుతుంది. నీల్ వెతుక్కుంటూ వెళ్లేసరికి అతను ఒంటరితనం తట్టుకోలేక ఉరేసుకున్నాడు, కొంచెం ముందు. డబ్బాలున్నాయి, ఇల్లుంది, కొంచెం ముందుగా అతని దగ్గరికి చేరే మనిషి మాత్రం లేకపోయాడు.

బ్రయన్ ఆల్డిస్ అనే రచయిత 1973లో ఇలాంటి ఇంగ్లిషు ప్రళయ కథలను 'సుఖమైన ప్రళయాలు' అని నిందించాడు. ప్రపంచమంతా పోతుంటే కథానాయకుడికి మాత్రం ఉచితంగా హోటలు గది, ఖరీదైన కారు, పక్కన ఒక అమ్మాయి దొరుకుతాయని. ఆ విమర్శ చాలా పుస్తకాలకు తగులుతుంది. క్రిస్టఫర్‌కు తగలదు. ఆయన ఆ కారూ ఆ ఇల్లూ ఇస్తాడు, ఇచ్చి వాటితో ఏం చేసుకుంటావని అడుగుతాడు.

ఇది 'యంగ్ అడల్ట్' నవల అంటారు, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం. మహమ్మారి కథలు ఆ వయసుకు ఎందుకంతగా నచ్చుతాయంటే, అందులో పెద్దవాళ్లు ఉండరు. అనుమతి అడగక్కర్లేదు, కారు తాళం తీసుకోవచ్చు. రెండు అధ్యాయాలు గడిచాక, తప్పు చేస్తే చెప్పేవాళ్లు కూడా లేరని తెలుస్తుంది. అక్కడి నుంచి మంచీ చెడూ తానే తేల్చుకోవాలి. తెలుగులో ఈ వయసుకు మనం రాసింది చాలా తక్కువ. 1947లో మొదలైన చందమామ మనకు బాల్యాన్ని ఇచ్చింది. అక్కడి నుంచి పిల్లలు ఒక్క గెంతులో వారపత్రిక సీరియళ్లలోకి దూకారు. ఆ మధ్య గట్టు మీద కూర్చోబెట్టి, నీ సొంత నిర్ణయం అంటే ఏమిటి అని మాట్లాడిన నవలలు మన పిల్లలకు ఇంకా బాకీ ఉన్నాం.

చివరికి నీల్‌కు లూసీ, బిల్లీ అనే ఇద్దరమ్మాయిలు కనిపిస్తారు. లూసీకీ అతనికీ మధ్య ప్రేమ మొలకెత్తుతుంది. బిల్లీకి లూసీ తప్ప ప్రపంచంలో ఇంకెవరూ లేరు. ముగ్గురే ఉన్న లోకంలో ఇద్దరు దగ్గరైతే మూడో మనిషి ఎక్కడికి పోవాలి? ఆ బాధ కత్తి పట్టిస్తుంది. బిల్లీ నీల్‌ను చంపబోతుంది. అతను తప్పించుకుంటాడు. ఆమెను బయట ఉంచి తలుపు గడియ పెడతారు. బయట నుంచి ఆమె కొడుతూ ఉంటుంది, పిలుస్తూ ఉంటుంది. తెరిస్తే మళ్లీ పొడవదన్న హామీ ఏమీ లేదు. తెరవకపోతే చచ్చిపోతుంది. ఆ చావు ఇద్దరి మధ్యా జీవితాంతం పడుకుని ఉంటుందని అతనికి తడుతుంది. లేచి తలుపు వైపు నడుస్తాడు.

2021 మేలో ఒక రాత్రి పదకొండు దాటాక మా తలుపు మీదా చప్పుడైంది. కన్నంలోంచి చూస్తే ఎదురింటి పెద్దాయన, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక చెయ్యి గుండె మీద. వాళ్లింట్లో అందరికీ కోవిడ్ పాజిటివ్ అని పొద్దున్నే తెలిసింది. మా ఇంట్లో అమ్మ ఉంది, డెబ్బై ఎనిమిదేళ్లు. గడియ మీద చెయ్యి వేసి నేను నిలబడిపోయాను. ఎంతసేపని ఇప్పుడు అడిగితే అర నిమిషం అంటాను. ఆ అర నిమిషంలో ఆయన రెండుసార్లు "బాబూ" అన్నాడు. తర్వాత మాస్కు మీద మాస్కు పెట్టుకుని తీశాను. ఆయనకు కావాల్సింది ఆక్సీమీటరు. వేలికి పెట్టి చూస్తే 88. ఆసుపత్రిలో మంచం దొరికేసరికి తెల్లవారింది. ఆయన బతికాడు. ఇప్పటికీ మెట్ల మీద ఎదురైతే నన్ను ఆశీర్వదిస్తాడు. ఆ అర నిమిషం సంగతి ఆయనకు చెప్పలేదు.

మా వాడు సెలవులు అయిపోయేముందు పుస్తకం పూర్తి చేశాడు. తెచ్చి బల్ల మీద పెట్టి కాసేపు అట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మామయ్యా, డబ్బాలు ముగ్గురికీ సరిపోతాయి కదా?"

"ముగ్గురికేంట్రా, మూడు వందల మందికి సరిపోతాయి."

"మరి తలుపు తియ్యడానికి అంతసేపు ఎందుకు ఆలోచించాడు?"